పండు గుర్తు, కిటికీ గుర్తు

5 మార్చి 2025

భస్మ బుధవారం. ఉపవాసం. ఆరాధన నుంచి వచ్చేసరికి అబ్బాయి తరఫువాళ్లు కింద తమ్ముడి ఇంట్లో కూర్చుని ఉన్నారు. నా మేనకోడలు హెప్సిబా పెళ్లి మే ఎనిమిదికి ఖాయమైంది. ఈస్టరు దాటాక, ఎల్‌బీ నగర్‌లో మన చర్చిలోనే. స్తోత్రం.

అంతా బాగానే జరిగింది. లేచేటప్పుడు అబ్బాయి మేనమామ ఒక మాట అన్నాడు.

"ఇంకొకటి. చర్చిల అయ్యగారు 'ఈ కన్యను ఇచ్చువారెవరు' అని అడుగుతరు గద. ఎవరో ఒకరు గట్టిగ చెప్పాలె. పిల్ల చిన్నాయిన చెప్తె అయిపాయె."

ఆనంద్ తల ఊపాడు. నా చిన్న తమ్ముడు. వాడికి చెడ్డ ఉద్దేశమేమీ లేదు.

పెద్ద తమ్ముడు స్తెఫను లేచి బయట నల్లా దగ్గరికి పోయాడు. కూతురు వాడిది. అడిగేది వాడిని. నల్లా తిప్పలేదు. ఊరికే నిలబడ్డాడు.

పోయిన ఆగస్టులో వాడి గొంతులో గడ్డతోపాటు స్వరపేటిక కూడా తీసేశారు. ఇప్పుడు మెడ కింది రంధ్రంలోంచే ఊపిరి. పండ్ల మార్కెట్టులో వేలంపాట పిలిచిన మనిషి. మార్కెట్టు కొత్తపేటలో ఉన్న రోజుల్లో వీడు బత్తాయి రాశి ముందు నిలబడి పిలిస్తే రోడ్డవతల బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూసేవాళ్లు. మార్కెట్టు బాటసింగారం పోయినా వీడి గొంతు తగ్గలేదు.

ప్రభువా, నీ చిత్తం.

7 మార్చి

స్తెఫను అన్నం సరిగ్గా తినడం లేదని వాడి భార్య సుగుణ చెప్పింది. నేను వాడిని అడగలేదు. ప్రార్థనలో పెట్టాను.

9 మార్చి, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక అందరూ కింద చేరారు. హెప్సిబా ఒక సంగతి తెచ్చింది.

"అత్తమ్మా, రాసింది చదివే కంప్యూటర్లున్నయ్. డాడీ టైప్ చేస్తడు, అది మాట్లాడుతది. పెండ్లిల డాడీ మాట డాడీనే చెప్పుకుంటడు."

"గది ఫోన్ల గూడ ఉంటది గద" అంది సుగుణ.

"ఫోన్ల అక్షరాలు డాడీ వేళ్లకు పట్టయ్ మమ్మీ. ఒకటి ఒత్తితె మూడు పడ్తయ్."

నిజమే. బుట్టలెత్తిన వేళ్లు. మెడకు ఆనించి మాట్లాడే పరికరం ఒకటి దవాఖానలో ఇచ్చారు. తుమ్మెద లెక్క గుయ్యిమంటదని దాన్ని బీరువా మీద పడేశాడు. రాసి చెరిపే పలక ఒకటి పట్టుకుని తిరుగుతున్నాడు. ఇంట్లో అది చాలు. చర్చిలో పలక ఎవరికి కనబడుతుంది?

కంప్యూటరు అనగానే ఆనంద్ ముందుకు జరిగాడు.

"కొంటె పండు గుర్తుదే కొనాలె. ఆఫీసుల నాది ఏడేండ్ల సంది నడుస్తుంది. ఒక్కనాడు దవాఖానకు పోలే."

"అది పోతె బాగుచేసెటోడు దొరకొద్దా చిన్నాయినా? కిటికీ గుర్తుదైతె దిల్‌సుఖ్‌నగర్ల గల్లీకొకడున్నడు."

"గల్లీకొకడు ఎందుకున్నడే? గల్లీకొకటి కరాబైతుంది కాబట్టి."

ఒకదాని మూత మీద కొరికిన పండు. ఇంకోదాని తెర మీద కిటికీ. నాకు తెలిసిన తేడా అంతే. నేను పాఠం చెప్పే బడిలో ఉన్నది కిటికీది, పిల్లల మార్కులు ఎక్కించడానికి. వీళ్లిద్దరు మాత్రం రెండు సంఘాలవాళ్లు వాదించుకున్నట్టు వాదించుకున్నారు. ఏది తేలిక, ఏది గట్టి, ఏది డబ్బున్నవాళ్లది, ఏది అందరిది.

స్తెఫను పలక మీద రాసి ఆనంద్‌కు చూపించాడు: "కొరికిన పండును ఎవడు కొంటడు తమ్మీ?"

అందరం నవ్వాం. స్తెఫను నవ్వితే ఇప్పుడు భుజాలు మాత్రమే కదులుతాయి. అయినా అది నవ్వే. చాలా రోజులైంది.

నాకు ఏదైనా ఒకటే. ప్రభువు చూపిస్తాడు.

15 మార్చి

బడి ఒంటిపూట. నేను, స్తెఫను, ఆనంద్, హెప్సిబా మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ పోయాం. దుకాణం మేడ మీద. కింద కోచింగు పిల్లల రద్దీ. దుకాణం ఆయన పేరు మురళీకృష్ణ, గుంటూరు వైపు మనిషి.

"ఏం పనికండి? చదువుకా, ఆఫీసుకా, గేములకా?"

"మాట్లాడనీకి" అంది హెప్సిబా.

ఆయన స్తెఫను మెడకు కట్టిన గుడ్డ చూశాడు. దుకాణంలో మోగుతున్న పాట ఆపేశాడు. స్తెఫనుకు కుర్చీ వేశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టాడు.

"ముందు అమ్మగారి పేరు చెప్పండి."

చెప్పాను. పండు గుర్తుదాని మీటల మీద కొట్టాడు. ఒక క్షణం ఏమీ లేదు. తరవాత అది అంది: "ఎలీశమ్మ."

ఆడగొంతు. స్పష్టంగా, ఒత్తు సహా.

నా ఒళ్లు జలదరించింది. ఊపిరి లేనిది నా పేరు పలికింది. చేతిలో సంచి ఎప్పుడు కింద పెట్టానో తెలియదు. చుట్టూ చూశాను. హెప్సిబా ఫోను చూసుకుంటోంది. ఆనంద్ వెల చీటీ చదువుతున్నాడు. వాళ్లకిది వింత కాదు. స్తెఫను ఒక్కడే నావైపు చూశాడు. వాడి కళ్లలో నాకున్నదే ఉంది.

తరవాత కిటికీ గుర్తుది. మగగొంతు. "ఎలీశమ్మ."

ఎంత గంభీరంగా ఉంది! మందిరంలో వాక్యం చదవాల్సిన గొంతు.

"ఉన్న సంగతి చెప్తానండి" అన్నాడు మురళీకృష్ణ, కిటికీ గుర్తుదాని మీద చెయ్యి వేసి. "దీంట్లో ఈ మంచి గొంతులు నెట్‌లోంచి వస్తాయి. మగదీ ఉంది, ఆడదీ ఉంది. సిగ్నల్ లేకపోతే మటుకు పలకవు. ఆ పండుదాంట్లో గొంతు పెట్టెలోనే ఉంటుంది, నెట్‌తో పనిలేదు. కాకపోతే తెలుగుకి ఆడగొంతొక్కటే. ఇవాళ్టికి ఇదండీ. రేపు మారొచ్చు."

"ఆడగొంతా? అన్నకా?" ఆనంద్ నవ్వబోయి ఆగాడు.

"చూసినవా చిన్నాయినా" అంది హెప్సిబా. "నీ పండు గుర్తు పని అయిపాయె."

స్తెఫను కుర్చీ ముందుకు జరుపుకుని పండు గుర్తుదాని అంచుకు అరచెయ్యి ఆనించాడు, ఇంకోసారి పలికించమని సైగ చేశాడు. అది పలుకుతుంటే చెయ్యి తియ్యలేదు. ఆపైన పలక మీద "ఇంటికి పోదాం" అని రాశాడు.

16 మార్చి

పొద్దున ప్రార్థనలో మనసు నిలవలేదు. ఆ పెట్టె నా పేరు పలికిన తీరే చెవిలో ఉంది. ఇన్ని యేళ్లు నల్లబల్ల ముందు నిలబడి అక్షరం చూపించి పలికించాను. ఎంతమందికి ఎన్నాళ్లు పట్టింది! దానికి ఎవరు నేర్పారు? ఎన్ని నోళ్లు విని నేర్చుకుంది?

మనిషికి ఇంత తెలివి ఇచ్చినవాడు నువ్వే.

ఏది కొనాలో నాకు పట్టింపు లేదు. నిజంగానే లేదు.

19 మార్చి

కూరగాయలకని బయలుదేరాను. దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయాను కాబట్టి దుకాణం మేడ ఎక్కాను.

కిటికీ గుర్తుదాని మీద ఒక మాట కొట్టించాను. "నేను ఇచ్చుచున్నాను." మగగొంతుతో విన్నాను. మళ్లీ విన్నాను. అబ్బాయి మేనమామ ఆ మాట వింటే ఇంకేం మాట్లాడతాడు? ఎవరూ నవ్వరు. స్తెఫను తల దించుకోవాల్సిన పని ఉండదు.

ప్రభువు ఇదే చూపించాడని నాకు స్పష్టమైంది.

ఇదే ఇవ్వండి అన్నాను. "ఆ అన్నగారిని కూడా ఒకసారి..." అన్నాడు మురళీకృష్ణ. ఇంటికి పెద్దదాన్ని నేనే అని చెప్పాను. శనివారం వచ్చి తీసుకుపోతాం.

కూరగాయలు మరిచిపోయాను.

22 మార్చి

కిటికీ గుర్తుది వచ్చింది. బల్ల మీద పెట్టి ప్రార్థన చేశాను. "చెప్పిన గద" అని హెప్సిబా ఒకటే సంబరం. ఆనంద్ ముఖం ముడుచుకుని టీ తాగి పోయాడు.

మీటల మీద తెలుగు అక్షరాలు అంటించాం. స్తెఫను పక్కన నేను కూర్చున్నాను. చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది కూడా నేనే. గుణింతం దగ్గర కాస్త తడబడ్డాడు. ముందు హల్లు, తరవాత గుర్తు అని చెప్పాను. వెతికి వెతికి, రెండు వేళ్లతో మొదటి మాట కొట్టాడు.

సుగుణ.

హెప్సిబా పలికించింది. ముందు గదిలో ఆ గంభీరమైన గొంతు "సుగుణ" అంది.

వంటగదిలో గిన్నె చప్పుడు ఆగింది. సుగుణ కొంగు భుజాల నిండా కప్పుకుని గుమ్మం దాకా వచ్చి, తల మాత్రం బయటికి పెట్టింది.

"ఎవరొచ్చిండ్రు వదినె?"

హెప్సిబా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. సుగుణ కూడా సిగ్గుపడి నవ్వింది.

స్తెఫను మూత వేశాడు.

24 మార్చి

తెరవలేదు. అలవాటు కావాలి.

27 మార్చి

తెరవలేదు. కొత్త వస్తువు కదా. అలవాటు కావాలి.

30 మార్చి, ఆదివారం

అయ్యగారు కంప్యూటరు సంగతి అడిగారు. బాగా నేర్చుకుంటున్నాడని చెప్పాను.

ఎందుకు చెప్పానో.

5 ఏప్రిల్

ఈరోజు అడిగాను. మధ్యాహ్నం, ఇంట్లో మేమిద్దరమే. కంప్యూటరు మీద సుగుణ తువ్వాలు కప్పింది, దుమ్ము పడకుండా.

"ఎందుకు తెరుస్తలేవు తమ్మీ? మంచి గొంతు గద."

పలక తీసుకున్నాడు. "మంచిదే. గదే బాధ."

తుడిచాడు. "గాడెవడక్కా?"

నాకు అర్థం కాలేదు. తుడిచి మళ్లీ రాశాడు.

"సుగుణ భయపడ్డది. నా ఇంట్ల ఇంకో మొగోడు నా పెండ్లాన్ని పేరు పెట్టి పిలిచిండు."

తుడిచాడు.

"రేపు చర్చిల నా బిడ్డను గాడు ఇస్తడు. నేను పక్కకు నిలబడ్త. మరి ఆనంద్ ఇస్తె ఏమాయె? మనోడన్న గదా."

"ఆడగొంతైతె నవ్వుతరు రా" అన్నాను.

"నవ్వనీ. మిషిన్ మాట్లాడుతుందని అందరికి ఎరుకైతది. అప్పుడు మాట నాదని గూడ ఎరుకైతది."

"దీంట్ల గూడ ఆడగొంతు ఉన్నదన్నడు గద ఆయన."

తల అడ్డంగా ఊపాడు. ఈసారి రాయడానికి ఎక్కువసేపు పట్టింది. రాసి, నాకివ్వకుండా కాసేపు తనే చూసుకున్నాడు.

"అది బయట నెట్‌ల నుంచి ఒస్తది. గొంతు పెట్టెల్నే ఉండాలె అక్కా. నాది బయట పడ్డది సాలు."

పలక నా చేతిలో ఉండిపోయింది. వీడు పదో తరగతితో ఆగిపోయిన మనిషి. దుకాణంలో పెట్టెకు చెయ్యి ఎందుకు ఆనించాడో ఇప్పుడు తెలిసింది. ఆ గొంతు లోపల అదురుతోందా లేదా అని చూశాడు.

నేను మగగొంతు విని వచ్చింది స్తెఫను కోసమా, అబ్బాయి మేనమామ కోసమా?

7 ఏప్రిల్

నలుగురం మళ్లీ దిల్‌సుఖ్‌నగర్.

"వాడిన వస్తువు వెనక్కి తీసుకోమండి, మీకు తెలియంది కాదు" అన్నాడు మురళీకృష్ణ.

"తీసుకున్నది నేను. తమ్ముణ్ని అడగకుండ తీసుకున్న" అన్నాను.

ఆనంద్ బేరానికి దిగాడు. ఆఫీసు భాష, హిందీ, అన్నీ అయ్యాయి. ఆయన కదల్లేదు. స్తెఫను కౌంటరు మీద పలక పెట్టాడు. నాతో చెప్పిందే, పొట్టిగా. మురళీకృష్ణ చదివాడు. కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎంతోమంది వస్తారండి. స్పీడు అడుగుతారు, బరువు అడుగుతారు, రంగు కూడా అడుగుతారు. ఆ గొంతు ఎవరిది అని అడిగినవాళ్లు లేరు."

కిటికీ గుర్తుది లోపల పెట్టి, పండు గుర్తుది డబ్బాలోంచి తీశాడు.

తిరిగి వస్తుంటే మెట్రోలో ఆనంద్ దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు ఒడిలో పెట్టుకున్నాడు.

"ఏది గెలిచింది చివరికి? నేను ముందే చెప్పిన."

"నువ్వు చెప్పింది ఏడేండ్లు నడుస్తదని" అంది హెప్సిబా. "డాడీ కొన్నది గందుకు కాదు. ఎక్కువ ఎగురకు."

చైతన్యపురి పోయింది, ఇంకో స్టేషన్ పోయింది. ఎల్‌బీ నగర్‌లో దిగేటప్పుడు ఆనంద్ స్తెఫను వైపు చూడకుండా అన్నాడు:

"పెండ్లిల నువ్వే చెప్పు అన్నా. నేను మైకు పట్టుకుంట."

13 ఏప్రిల్

మట్టల ఆదివారం. సాయంత్రం బాటసింగారం నుంచి సైదులు వచ్చాడు. స్తెఫను వేలంపాట పిలిచింది ఇతని మండీలోనే. మామిడికాయల బుట్ట తెచ్చాడు. వారం నుంచి స్తెఫను మీటలు వదలడం లేదు. సైదులును కూర్చోమని సైగ చేసి, బుట్ట ముందు పెట్టుకుని, కొట్టాడు.

"బంగినపల్లి. మచ్చ లేదు, మసి లేదు. చెట్టు మీది నుంచి నిన్ననే దిగినయ్. ఆలోచన చేసెటోడు ఇంటికి పోవచ్చు. ఎవడన్న ఉన్నడా?"

అది ఆ మాటల్ని వాక్యపఠనం చేసినట్టు, నెమ్మదిగా, తల్లిలాగా చదివింది. 'ఎవడన్న ఉన్నడా' అని ఎంతో మర్యాదగా అడిగింది.

సైదులు పొట్ట పట్టుకున్నాడు. "గింత ఇజ్జత్ ఇచ్చి పిలిస్తె ఎవడు పాడ్తడన్నా! అందరు కూసోని చాయ్ తాగుతరు."

స్తెఫను కొట్టాడు. "నీ అసువంటి పిసినారికి గిదే ఎక్కువ."

అది అదీ చదివింది, అంతే మర్యాదగా. సైదులు నవ్వుతూ నవ్వుతూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "మనోడే" అన్నాడు నాతో. "మనోడే అక్కా. తిట్టు వానిదే."

20 ఏప్రిల్

ఈస్టరు. ఆయన లేచాడు. స్తోత్రం, స్తోత్రం.

7 మే

ఇల్లంతా చుట్టాలు. హెప్సిబా రేపటి మాటను కంప్యూటర్‌లో దాచింది. ఒక్క మీట నొక్కితే చాలు. "నేను, హెప్సిబా నాయినను. ఇస్తున్న." నేను 'ఇచ్చుచున్నాను' అని ఉండాలన్నాను. స్తెఫను ఒప్పుకోలేదు. నేను పట్టుబట్టలేదు.

9 మే, ఉదయం

నిన్న రాయలేకపోయాను.

చర్చి నిండింది. వెనక రెండు వరుసలు మార్కెట్టువాళ్లే, హమాలీలు, మండీలవాళ్లు. పీఠం ముందు ఎత్తు బల్ల మీద కంప్యూటరు. పక్కన ఆనంద్, సూటులో, మైకు దాని దగ్గర పెట్టి. హెప్సిబా తెల్లచీర, ముసుగు. స్తెఫను మెడకు సుగుణ కుట్టిన తెల్లగుడ్డ.

అయ్యగారు పుస్తకం తెరిచారు. "ఈ కన్యను ఈ వరునికి ఇచ్చువారెవరు?"

అడుగుతూ కంప్యూటరు వైపు వంగారు. దానికి వినబడాలన్నట్టు కాస్త గట్టిగా కూడా అడిగారు. చర్చి అంతా దాన్నే చూస్తోంది. నేనూ దాన్నే చూస్తున్నాను. పలుకుతుందా, ప్రభువా, పలికించు అని.

స్తెఫను మీట నొక్కలేదు.

"ఒత్తు అన్నా" అన్నాడు ఆనంద్. మైకులో అందరికీ వినబడింది.

నొక్కలేదు. కొట్టడం మొదలుపెట్టాడు. రెండు వేళ్లు. ఆ టకటక మైకులోంచి చర్చి అంతా వినబడింది. అబ్బాయి మేనమామ పక్కవాడితో, "ఏమైంది? కరాబైందా?" అన్నాడు. హెప్సిబా తల తిప్పలేదు.

టకటక ఆగింది. ఆ ఆడగొంతు నెమ్మదిగా, శుభ్రంగా అంది:

"అయ్యగారూ, నా దిక్కు చూసి అడుగుండ్రి."

వెనక వరుసల్లో నవ్వు లేచింది. లేచినట్టే ఆగిపోయింది.

అయ్యగారు నిటారుగా అయ్యారు. ముఖం ఎర్రబడింది. పుస్తకం కిందికి దించి, రెండడుగులు జరిగి, స్తెఫను ముందు నిలబడ్డారు. వాడి కళ్లలోకి చూసి, ఈసారి మెల్లగా అడిగారు.

"ఈ కన్యను ఈ వరునికి ఇచ్చువారెవరు?"

స్తెఫను చూపు తిప్పలేదు. చెయ్యి మాత్రం పక్కకు పోయి మీట వెతుక్కుంది. గొంతు మొదలవగానే వాడి పెదవులు కూడా కదిలాయి, మాటకు మాట.

"నేను, హెప్సిబా నాయినను. ఇస్తున్న."

అప్పటికి ఎవరూ కంప్యూటర్‌ను చూడడం లేదు. నేనూ చూడలేదు. నా తమ్ముడి నోరు చూస్తున్నాను.